అలీనుడి నారుమడి

జనవరి 5, సోమవారం

నేను మోటర్లకు తీగె కొనే దుకాణం వాళ్లు ఇచ్చిన ఈ డైరీలో శని, ఆదివారాలకు కలిపి ఒకటే పేజీ ఉంది. ఆ రెండు రోజులు మనిషికి తిప్పలు సగమే ఉంటాయని వాళ్ల నమ్మకం కాబోలు. ఒకసారి మా ఇంటికి వచ్చి చూడమనాలి.

కాలువలో నీళ్లు రాక ఇవాళ్టికి నాలుగు రోజులు. పైన లేక కాదు. గుట్టపల్లి దాకా నిండుగా వస్తున్నాయి. అక్కడ గేటు దగ్గర చెక్కలు అడ్డం వేసి, అవి చాలనట్టు కాలువలోకే మోటర్లు దించి తోడుకుంటున్నారు. వాళ్లు తాగి తేన్చాక మిగిలితే మాకు, మాకు మిగిలితే కింద రెండు ఊళ్లకు. నా నారుకు ఇరవై నాలుగు రోజులు. నాటు వేయాల్సిన రెండెకరాలు మాత్రం ముసలమ్మ మడమల్లాగా పగిలి ఉన్నాయి.

పొద్దున మహిపాల్ మూడు ఊళ్ల వాళ్లను మస్తాన్ హోటల్ ముందు పోగు చేశాడు. ముప్పై ఆరేళ్ల పిలగాడు, సొంత ట్రాక్టరు ఉంది, గొంతు ట్రాక్టరు కంటే పెద్దది. బెంచీ ఎక్కి అరిచాడు.

“ఇగ ఎవని తూముకు నీళ్లాగినా మూడూర్లకు ఆగినట్టే. ఒక్కని మీదికొస్తే అందరి మీదికొచ్చినట్టే. పిలిస్తే అందరం గేటు కాడికి పోవాలె!”

నేను చాయ్ ఊదుకుంటూ అన్నాను. “ఇది నేను టీవీల చూసిన. దీన్ని నాటో అంటరు.”

అందరూ నవ్వారు. సాయంత్రానికి అదే పేరుతో ఫోన్లలో గ్రూపు కూడా లేచింది. నేను ఒక మాట అంటే ఈ ఊళ్లో అది పేరై కూర్చుంటుంది. నేను పెట్టిన పేర్లు ఆధార్ కార్డులకు ఎక్కలేదు కానీ పెళ్లి పత్రికలకు ఎక్కాయి.

“నువ్వు చేరినట్టేనా కాకా?” అన్నాడు మహిపాల్.

“నేను అలీనం.”

“అంటే?”

“అటు గాదు, ఇటు గాదు. పుస్తకాలల్ల ఉంటది, సదువుకో.”

నేను చదివింది తొమ్మిది. సాంఘికశాస్త్రం పుస్తకం సగం చింపి విమానాలు చేశాను. ఆ మాట మాత్రం విమానం కాని పేజీలో ఉండిపోయింది.

జనవరి 6, మంగళవారం

శ్రీవాణి గ్రూప్స్‌కు చదువుతోంది. మూడేళ్లుగా చదువుతోంది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఎక్కడి నుంచో ఒక జవాబు వచ్చి తగులుతుంది.

“నాయినా, నువ్వు అలీనమని ఊరంత చెప్పుకుంటున్నవంట. అలీనమంటే ఏందో తెల్సా?”

“కడుపుల సల్ల కదలకుండ కూసునుడు.”

“కాదు. ఎవరి జట్టుల చేరకుండ, ప్రతి సంగతికి ఎవరిది న్యాయమో సూసి మాట్లాడుడు. మాట్లాడుడు నాయినా. మూసుకోని కూసునుడు గాదు.”

కన్నబిడ్డ. ఏమీ అనలేను. అయినా పని లేక అడిగాను, అసలు దేశాలు ఆ నాటోలో ఎందుకు చేరతాయి అని.

“పక్కనోడు పెద్దోడైతే భయంతోని చేరుతరు. ఫిన్లాండ్‌కు రష్యాతోని పదమూడు వందల కిలోమీటర్ల గెట్టున్నది. చేరితే వానికి కోపమొస్తదని ఇన్నేండ్లు చేరలే. వాడు ఉక్రెయిన్ మీద పడ్డంక సమజైంది, చేరకపోయినా పడుతడని. రెండు వందల ఏండ్ల సంది ఎవ్వలతోని కలవని స్వీడన్ గూడ ఎనుకనే ఉరికింది.”

“మరి చేరనోళ్లు?”

“కొందరికి చుట్టూ దోస్తులే ఉంటరు, భయం లేదు. కొందరు మందికొట్లాటల ఇరుక్కోవద్దని చేరరు. కొందరికి రెండు దిక్కుల బేరం ఉంటది.” పుస్తకం మూసింది. “కొందరికి అటు దిక్కు చుట్టాలుంటరు.”

ఆ చివరి మాట పుస్తకంలో లేదు. నా మొహం చూసి కలిపింది.

నా చెల్లె అలివేలమ్మను గుట్టపల్లికి ఇచ్చి ఇరవై రెండేళ్లు. అది వేరే సంగతి. నాది మోటర్ల వైండింగు పని. నాకు రెండు దిక్కులా గిరాకీలు ఉన్నారు. అందుకే అలీనం.

జనవరి 8, గురువారం

ఇవాళ మనసు కొంచెం బాగైంది. ఒక చిలిపి పని చేశాను.

శ్రీవాణి తెల్ల కాగితం ఒకటి తీసుకుని ‘నాటో సభ్యత్వ దరఖాస్తు’ రాశాను. పేరు, ఇంటిపేరు, ఊరు పెట్టిన పేరు. మీ గెట్టు పక్కవాడు ఎవరు, అతనితో మాటలున్నాయా? మీ దగ్గర ఉన్న ఆయుధాలు (పార, గడ్డపార, నాలుక). యుద్ధం రోజున జ్వరం వచ్చే అలవాటు ఉందా? ఇతరుల కొట్లాటకు మీరు పోతారా, మీ కొట్లాటకే అందరినీ పిలుస్తారా? మీ ఇంటి ఆడవాళ్లను అడిగారా? చివరిది ఏడో ప్రశ్న: ఇన్ని దినాలు ఎందుకు చేరలేదు? ఒక్క మాటలో నిజం రాయవలెను.

ఏడో ప్రశ్నకు గడి చిన్నగా గీశాను. మనుషులు అబద్ధం చెప్పాలంటే జాగా ఎక్కువ కావాలి.

మస్తాన్ హోటల్ గోడకు అన్నం మెతుకులతో అంటించి వచ్చాను. మస్తాన్ చదివి, చాయ్ జల్లెడ చేతిలో ఉండగానే నవ్వి నవ్వి దగ్గాడు. కాలువ చివర ఎకరం కౌలుకు చేస్తాడు పాపం, నవ్వడానికి ఏమీ లేదు అతనికి.

జనవరి 9, శుక్రవారం

తలకాయ పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

నేను ఎగతాళికి రాసిన కాగితాన్ని ఆ మహిపాల్ గాడు గోడ మీంచి ఒడుపుగా ఊడదీసుకుని, కొత్తకోటకు పోయి నూట యాభై జిరాక్సులు తీయించుకొచ్చాడు! “మంచిగ రాసినవ్ కాకా, అన్ని సంగతులొచ్చినయ్” అన్నాడు. వెక్కిరింత అని అర్థం కాని మనిషిని వెక్కిరించడం కంటే బండకు బెల్లం రాయడం నయం.

అంతటితో పోలేదు. ట్రాక్టరుకు మైకు కట్టి ఊరంతా తిరిగాడు. “నాటోల చేరేటోళ్లు మస్తాన్ హోటల్ కాడ పేర్లియ్యుండ్రి!” ట్రాక్టరు చప్పుడులో ఆ ‘టో’ ఎవరికి వినపడుతుంది? మధ్యాహ్నానికి ఇరవై మూడు మంది ఆడవాళ్లు కొంగులు బిగించుకుని హోటల్ ముందు కూర్చున్నారు. ముందు వరసలో మా ఆవిడ హన్మమ్మ.

“నాటుకు పేర్లు రాస్తుండ్రంటిరి గదా. రాయి. మొదలు ఎవరి మడి?” అంది.

మహిపాల్ తెల్లబోయాడు. “నాటు గాదు చిన్నమ్మా, నాటో. అంటే, గేటు కాడ కొట్లాటైతే…”

“కొట్లాట సంగతి తర్వాత. నాటు బదులుకేనా, కూలికా?”

“ఒకని మీదికొస్తే అందరం పోవుడు చిన్నమ్మా. అది.”

హన్మమ్మ ఆలోచించింది. ఇరవై రెండు మంది ఆమె మొహమే చూస్తున్నారు. ఈ ఊళ్లో నాట్లకు బదులు కట్టేది ఆమే. ఇవాళ నీ మడికి మేమంతా, రేపు నా మడికి మీరంతా. కాగితం లేదు, సంతకం లేదు. ఇరవై ఏళ్లలో ఒక్కతి ఎగ్గొట్టలేదు.

“నా మడికి నువ్వు రా, నీ మడికి నేనొస్త. గంతేనా?”

“గంతే.”

“గీ మాటకు మైకెందుకురా? మేము మా అమ్మల కాలం నుంచి చేస్తున్నం. రాస్కో.” వేలిముద్ర వేసింది. ఆమె వెనక ఇరవై రెండు. మహిపాల్ ఒక్క క్షణం ఆలోచించి, నాటులో ఉన్నవాళ్లు నాటోలో ఉన్నట్టే, నాటోలో లేనివాళ్లకు నాటు లేదని మైకులో చెప్పాడు.

అంటే మా ఇంట్లో ఇప్పుడు పొయ్యి వైపు నాటోలో ఉంది, మంచం వైపు అలీనం. మడి నా పేరున ఉంది కాబట్టి మా రెండెకరాలూ బయటే. శ్రీవాణి ‘నేను ఐక్యరాజ్య సమితి, నాతోని ఏంగాదు’ అంది.

మాట ఒకటి, మనుషులు విన్నది ఒకటి, చివరికి అయింది ఇంకొకటి. నేను పెట్టిన పేరు నన్నే కరిచింది.

జనవరి 11, ఆదివారం

చెల్లె ఫోన్ చేసింది.

“అన్నా, మీ ఊరోళ్లు గేటు మీదికొస్తరంట గదా. మావోళ్లు గూడ కట్టెలు సదురుతుండ్రు. నువ్వు రాకు. ఇటు మా ఆయన నిలబడుతడు, అటు నువ్వు నిలబడితె నేనెవరి దిక్కు సూడాలె?”

రానని చెప్పాను. ఒట్టు కూడా వేశాను. ఆ ఒట్టుకూ నేను చేరకపోవడానికీ ఏ సంబంధమూ లేదు. ఆమె ఫోన్ చేసింది ఆరు రోజుల తరవాత. నేను ముందే నిర్ణయించుకున్నాను. ఆ తేదీ ఈ డైరీలోనే ఉంది.

‘మీకు నీళ్లు బాగున్నయా’ అని అడిగాను. ‘ఉన్నయి తియ్యన్నా’ అంది. వాళ్ల ఎకరంన్నర ఊరికి ఆ చివరి మూల. ఎంత ఉన్నాయో అడగలేదు.

జనవరి 12, సోమవారం

గుట్టపల్లిలో పెత్తనం చేసే జితేందర్ కాలిన మోటరు తెచ్చాడు. ఏడున్నర హెచ్‌పి, నీళ్లలో మునిగేది. గేటు దగ్గర అన్నిటికంటే పెద్దది ఇదే, బాగయ్యేదాకా కిరాయి మోటరు పెట్టుకున్నాడట. పక్కనే హోటల్లోంచి మస్తాన్ చూస్తున్నాడు.

జితేందర్ వెళ్లాక వచ్చాడు. “అన్నా, గా మోటరు ఏడ పెడతడో తెల్వదా?”

“మోటరుకు ఊరుండదు మస్తాన్. దవాఖానలో డాక్టరు అడుగుతడా, నువ్వు ఏ ఊరోనివని?”

“డాక్టరు అడగడు భాయ్. కానీ డాక్టరు మందు రాస్తడు, కత్తికి సాన పట్టడు.”

చాయ్ అమ్ముకునేవాడికి కూడా నోరు లేచింది. చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పి సగం వదిలేశాను.

జనవరి 13, మంగళవారం

నారు ముప్పై రెండు రోజులు. పొద్దున నారుమడికి బిందెలతో నీళ్లు మోశాము, ముగ్గురమూ. బోరు గొంతు ఎండి రెండేళ్లయింది. బిందెలతో నారు బతుకుతుంది, అంతే. రెండెకరాలు బిందెలతో తడుస్తాయా?

వచ్చేసరికి దుకాణంలో జితేందర్ మోటరు విప్పి ఉంది. హన్మమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. ఖాళీ బిందె దాని మీద బోర్లించింది.

“నువ్వు సుట్టిన తీగెతోనే మన నీళ్లు తోడుకుంటుండ్రు. నువ్వు అటు గాదు ఇటు గాదనుకుంటున్నవ్. సూస్తె అటే ఉన్నవ్.”

దీనికి జవాబు నా దగ్గర ఉంది. మూడు ఉన్నాయి. బిందె తీసి పక్కన పెట్టి మోటరు ముందు కూర్చున్నాను.

సాయంత్రం మోటరు చుట్టడం అయిపోయింది. కట్టే ముందు రెండు వైర్ల గుర్తులు అటుదిటు, ఇటుదటు మార్చాను. అంతే. ఇంత చిన్న పని. మోటరు ఉల్టా తిరుగుతుంది. నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి ఎటు తిరుగుతుందో ఎవడికీ కనపడదు. తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ముసలాయన ఉచ్చలాగా వస్తాయి.

వారం రోజుల తరవాత హాయిగా అన్నం తిన్నాను. చేరకుండానే పని జరిగింది. తెలివి అంటే ఇది.

జనవరి 16, శుక్రవారం

నీళ్లు వచ్చాయి! రెండు రోజులుగా మోకాటి లోతు. నారు తేరుకుంది. పచ్చగా నన్ను చూసి నవ్వింది.

మస్తాన్ హోటల్లో మహిపాల్ బెంచీ ఎక్కాడు. “సూసిండ్రా? నాటో అనంగనే గుట్టపల్లోళ్లు వణికిండ్రు!” చప్పట్లు. బెంచీకి దండ వేయడం ఒక్కటే తక్కువ. నా లోపల నాలుక మెలికలు తిరుగుతోంది. ఒరేయ్ మీ నాటో కాదురా, నా రెండు వైర్లు! చెప్పడానికి లేదు. ఇంత మంచి పని చేసి ఎవరికీ చెప్పుకోలేకపోవడం కంటే నరకం ఉంటుందా?

మడి దున్నుదామంటే మహిపాల్ ట్రాక్టరు సభ్యులకే అట. ఆగుతాను. ఇంకా నాలుగు రోజులు నీళ్లు ఉంటాయి కదా.

జనవరి 17, శనివారం

ఉండవు. జితేందర్ వచ్చాడు, మోటరు జీపులో వేసుకుని.

“ఉల్టా తిరుగుతుందేందిది?”

“అరె, చెయ్యి తప్పింది. వయసైతుంది గదా.”

“ముప్పై ఏండ్ల సంది తప్పని చెయ్యి గిప్పుడే తప్పిందా?” నేను వైర్లు మార్చి ఇస్తుంటే పక్కన నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. ఎక్కుతూ అన్నాడు. “నీ చెల్లె మా ఊర్లనే ఉన్నది. యాదికున్నదా?”

ఊరికే అన్నాడు. కోపంలో మనుషులు ఏవేవో అంటారు.

జనవరి 19, సోమవారం

కాలువ ఎండింది. చెల్లెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జనవరి 20, మంగళవారం

ఎత్తలేదు. పొలంలో ఉండి ఉంటుంది.

జనవరి 21, బుధవారం

ఎత్తలేదు. బావకు చేశాను. “బాగనే ఉన్నం” అని పెట్టేశాడు. బాగున్నవాడు అంత తొందరగా పెట్టేయడు.

పోయి చూసి రావచ్చు. ఆరు కిలోమీటర్లు. కానీ ఇప్పుడు పోతే ఇక్కడివాళ్లు అటు చేరాడంటారు, అక్కడివాళ్లు జాడలు తీయడానికి వచ్చాడంటారు. అలీనుడికి బండి తీయడానికి కూడా దారి ఉండదా?

హన్మమ్మ మూడు రోజులుగా పొద్దున్నే బయటికి పోయి మధ్యాహ్నం కాళ్లకు బురదతో వస్తోంది. మన ఊళ్లో బురద ఎక్కడిది అని అడిగితే ‘నాటు పనులుంటయి’ అంది. నీళ్లు లేని ఊళ్లో నాటు! నా మొహం మీదే అబద్ధం.

శ్రీవాణితో అన్నాను, స్విట్జర్లాండును చూడు, ఎవరితోనూ కలవకుండా ఎంత సుఖంగా ఉందో.

“వాళ్లు ఎవ్వలతోని కలవరు నాయినా, కానీ మగపోరలందరికీ సిపాయి శిక్షణ ఉంటది. గుట్టల లోపల సొరంగాలు తవ్వుకున్నరు. ఉత్తగ కూసోలే. బెల్జియం గూడ ఎటు గాదన్నది. జర్మనోళ్లు రెండుసార్లు దాని మీదికెళ్లే తొక్కుకుంట పోయిండ్రు.”

“ఎందుకు?”

“దారి మధ్యల ఉన్నది గదా. మనూరి లెక్క.”

ఈ పిల్లకు ఉద్యోగం తొందరగా రావాలి. ఇంట్లో ఉంటే నేను బతకను.

జనవరి 22, గురువారం

ఇది నెమ్మదిగా రాయాలి.

పొద్దున తొమ్మిదికి మైకు మోగింది. మూడు ఊళ్లూ గేటు దగ్గరికి కదిలాయి. ముందు ఆడవాళ్లు, వాళ్ల ముందు హన్మమ్మ. నేను దుకాణంలో కూర్చుని ఒక ఫ్యాను మోటరు చుట్టాను. మోకాలు నొప్పి కూడా ఉంది. ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. కుక్కలు కూడా కొన్ని వెళ్లినట్టున్నాయి.

పన్నెండుకు కాలువలో నీళ్ల చప్పుడు వినపడింది. ఆ వెనకే మస్తాన్ వచ్చాడు. లుంగీ తడిసి ఉంది, మొహం వెలిగిపోతోంది.

“కొట్లాట అయిందా?” అన్నాను.

“ఏం కొట్లాట భాయ్! అటు వాళ్లు కట్టెలు పట్టుకోని, ఇటు మనం పారలు పట్టుకోని. మహిపాల్ తిడుతుండు, జితేందర్ తిడుతుండు. ఎవ్వడు దిగడు. గంతల్నే వాళ్ల దిక్కు నుంచి ఒక ఆమె చీర ఎగ్గట్టుకోని కాలువలకు దిగింది. మొదటి చెక్క పీకి గట్టు మీదికి ఇసిరేసింది. ‘మా ఊరికే నీళ్లని చెప్తుండ్రు గదా, నా మడికి ఏవిరా నీళ్లు?’ అన్నది. ఎవరో తెల్సా?”

నాకు తెలిసిపోయింది. అయినా ఎవరు అన్నాను.

“మీ అలివేలమ్మ. ఆమె ఎనుక వాళ్ల ఊరి చివరి మూలోళ్లు పదిమంది దిగిండ్రు. ఇటు నుంచి మీ ఆమె దిగింది. రెండో చెక్క ఇద్దరూ కలిసి లేపిండ్రు. ఇగ కట్టెలు పట్టుకున్నోళ్లు ఏం జేస్తరు, సొంతూరి ఆడోళ్లను కొడతరా? ఇంజనీరును పిలిపిచ్చి వంతులు రాయించుకున్నరు. పై ఊరికి మూడు దినాలు, కింది మూడూర్లకు నాలుగు.”

ఫ్యాను మోటరు తీగె చేతిలో తెగింది.

హన్మమ్మ వచ్చాక అడిగాను. వాకిట్లో కూర్చుని కాళ్లు కడుక్కుంటూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. మోటరు ఉల్టా తిరుగుతోందని పట్టుకున్న రోజే జితేందర్ నా చెల్లె మడికి పోయే పిల్లకాలువను మట్టితో మూయించాడట. ‘నీ అన్నకు చెప్పుకో పో’ అన్నాడట. బావ నోరెత్తలేదు. అలివేలు ఆదివారం పొద్దున నేను దుకాణానికి పోయాక మా ఇంటికి వచ్చింది. హన్మమ్మ చేతులు పట్టుకుని ‘వదినె, మీ బదులల్ల నన్ను చేర్చుకుంటరా’ అని అడిగింది. గుట్టపల్లి వెనక వాగు చెలిమెలో ఉన్న కాసిన్ని నీళ్లతో రోజుకింత చొప్పున అరెకరం తడిపితే, మూడు రోజులుగా మా ఊరి ఆడవాళ్లు పోయి అదే నాటి వచ్చారు. మిగిలింది నీళ్లు వచ్చాక.

ఆ బురద అది.

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అలీనం గదా.”

వెక్కిరింత కూడా లేదు ఆ గొంతులో. వానొచ్చింది, ఎండొచ్చింది అన్నట్టు అంది. ఇంతకాలం ఇంట్లో వెక్కిరింతలన్నీ నావే. వెక్కిరించకుండా ఉత్తగా అంటే ఎంత నొప్పి ఉంటుందో ఇవాళే తెలిసింది.

చెల్లెకు కష్టం రావద్దని బయట ఉన్నాను. బయటి నుంచే ఆమె నీళ్లు మూయించాను. చేరి ఉంటే జితేందర్‌తో ఎదురుగా తిట్టుకునేవాడిని, అయిపోయేది. ఎటూ కాకుండా ఉండి, దొంగచాటుగా రెండు వైర్లు మార్చి, తెలివి అనుకున్నాను.

జనవరి 23, శుక్రవారం

నలభై రెండు రోజులు. నారు పీకి చూశాను, గనుపు కడుతోంది. ఇంకా మూడు రోజులు పోతే అది నారు కాదు, గడ్డి. నాటినా పిలకలు వేయదు.

నీళ్లు ఉన్నాయి. ట్రాక్టరు లేదు, ఆడకూలీలు లేరు. బల్మూర్ దాకా ఫోన్లు చేశాను. అందరూ ఎవరో ఒకరి బదుల్లో ఉన్నారు. ఈ లోకంలో ఎవరి జట్టులోనూ లేని మనిషి నేనొక్కడినే అనుకుంటాను.

జనవరి 24, శనివారం

మస్తాన్ హోటల్‌కు పోయి ఫారం అడిగాను. మహిపాల్ అక్కడే ఉన్నాడు. బెంచీ ఎక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. “నింపి చిన్నమ్మకియ్యి కాకా. నాటు వంతులు ఆమెనే సూస్తది” అని పెన్ను ఇచ్చాడు.

నా ఫారం నేనే నింపడం! ఆయుధాలు దగ్గర ‘నాలుక’ అని రాశాను. యుద్ధం రోజున జ్వరం వచ్చే అలవాటు: ఉంది, మోకాలికి. ఇతరుల కొట్లాటకు పోతారా: ఇకనుంచి. ఇంటి ఆడవాళ్లను అడిగారా: వాళ్లే నన్ను అడగలేదు.

ఏడో గడి దగ్గర ఆగాను. ‘వ్యాపారం’ అని రాసి కొట్టేశాను. ‘అలీనం’ అని రాసి కొట్టేశాను. ఇంటికి వచ్చి ‘చెల్లె’ అని రాస్తుంటే భుజం మీంచి ఎవరో చదివారు. అలివేలే. ఎప్పుడు వచ్చిందో. చేతులకు మట్టి పెచ్చులు ఎండి ఉన్నాయి.

“నా పేరెందుకు రాస్తున్నవ్ అన్నా?”

“నువ్వే గదా రావద్దన్నది.”

“నేను కొట్లాటకు రావద్దన్న. నా ఇంటికి రావద్దన్ననా? నీళ్లున్నయా అంటె ఉన్నయి తియ్యన్న. నా గొంతు నీకు తెల్వదా? ఇంకొక్కసారి అడిగినవా?”

అడగలేదు. అడిగితే చెబుతుందని తెలుసు. చెబితే లేవాల్సి వస్తుందనీ తెలుసు.

“ఫోనెందుకెత్తలే?” అన్నాను.

“నువ్వు మల్ల నవ్విస్తవ్. నాకు నవ్వాలనిపియ్యలే.”

ఆ మాట కొట్టేసి, మిగిలిన కొంచెం జాగాలో ‘భయం’ అని రాశాను. గడి చిన్నగా గీసింది నేనే. ఆ రెండక్షరాలకు సరిపోయింది.

శ్రీవాణి పైకి చదివింది. ఏడోదాని దగ్గర గొంతు తగ్గించింది. హన్మమ్మ వేళ్ల మీద వంతులు చూసింది. “ఎనుక వచ్చినోనికి ఎనుకనే. నీకు గురువారం.”

గురువారానికి నారు ఉండదు. అందరికీ తెలుసు. ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసు. అయినా వరస వరసే. ఇరవై ఏళ్లలో ఒక్కతి ఎగ్గొట్టని బదులు నా కోసం వంకర పోగూడదు.

“రేపు ఎవరిది వదినె?” అంది అలివేలు.

“నీదే. మిగిలిన ఎకరం.”

“నా నారుకు ఇంకా ఇరవై ఎనిమిదే. ఆగుతది. నా వంతు అన్నకియ్యి. నేను గూడ వస్త నాటనీకి.”

హన్మమ్మ మొహం తిప్పుకుని, పొయ్యిలో పొగ లేకపోయినా కళ్లు తుడుచుకుంది. నా వైపు తిరిగేసరికి మామూలు మొహం. “ముదిరిన నారుకు కొసలు తుంపి నాటాలె. నీ నాలుక గూడ తే, ఒక్కపారే తుంపుత.”

మహిపాల్ ట్రాక్టరు సాయంత్రమే మడిలో దిగింది.

ఆదివారం

శనివారమే పేజీ అంతా తినేసింది, జాగా లేదు. నాటు అయింది. నారు కట్టలు నేనే మోశాను, నడుము లేదు. గురువారం నా వంతు చెల్లెది, గుట్టపల్లిలో. గేటు మీంచే దారి. పోతున్నాను.